పాత మదర్‌బోర్డు, ఓవర్‌క్లాక్ చేసిన కార్డు: అదనపు కరెంటు ఏ దారిన వస్తోంది?

గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్ (చిప్పు వేగాన్ని, అంటే క్లాక్‌ను, తయారీదారు పెట్టిన దానికి మించి పెంచడం) మాట రాగానే ఎవరైనా ముందు అడిగేది ‘ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు?’ అనే. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె. 650 అంటే ఢోకా లేదంటారు, 450 అంటే పెదవి విరుస్తారు. కొత్త బోర్డు, మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నచోట ఆ ఒక్క లెక్కతో గడిచిపోతుంది. పది పన్నెండేళ్ళ నాటి బోర్డు దగ్గర గడవదు. ఓవర్‌క్లాక్ వల్ల పెరిగే ఆంపియర్లు కార్డులోకి ఎటునుంచి వస్తున్నాయో అక్కడ చూసుకోవాలి. దారులు రెండే. ఒకటి మదర్‌బోర్డు మీది స్లాట్, రెండోది ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కార్డుకు వచ్చే 6-పిన్ లేదా 8-పిన్ కేబుల్. కేబుల్ దారిలో కాగితం మీద రాసిన దానికంటే ఎంతో ఎక్కువ వెసులుబాటు ఉంటుంది. స్లాట్ దారిలో దాదాపు ఉండదు. పాత బోర్డు మీద కార్డు ఓవర్‌క్లాక్ ఎంతవరకు పోవచ్చో తేల్చేది ఈ తేడాయే.

75 అని రాసి ఉన్నా చేతికొచ్చేది 66

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్16 స్లాట్ గ్రాఫిక్స్ కార్డుకు 75 వాట్లు ఇస్తుందన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ 75 ఒకే ముద్దగా రాదు. 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు. 3.3 వోల్టుల మీద 3 ఆంపియర్లు, అంటే 9.9 వాట్లు. రెండూ కలిపి గుండ్రంగా 75 అంటారు. ఇప్పటి కార్డుల్లో చిప్పుకూ మెమరీకీ కావలసిన కరెంటంతా 12 వోల్టుల నుంచే తయారవుతుంది. 3.3 వోల్టులది చిల్లర పనులకే. కాబట్టి ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళకు స్లాట్ నుంచి పనికొచ్చేది 66 వాట్లే, 75 కాదు.

కార్డును చేతిలోకి తీసుకుని అడుగు అంచు చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. బంగారు పూత కాంటాక్టుల వరుస మధ్యలో ఒక గాడి ఉంటుంది. దానికి బ్రాకెట్ (క్యాబినెట్ వెనక కనిపించే లోహపు పలక) వైపున ఉన్న చిన్న ముక్కలో ఒక్కో పక్కన 11 కాంటాక్టులు. గాడికి అవతల ఉన్న పొడుగు భాగమంతా ప్రధానంగా డేటాకూ గ్రౌండ్‌కూ. కార్డు స్లాట్ నుంచి తీసుకునే కరెంటు మొత్తం ఆ చిన్న ముక్కలోంచే రావాలి. 12 వోల్టులకు అందులో 5 కాంటాక్టులు, ఒక్కోదానికి 1.1 ఆంపియర్ చొప్పున 5.5. ఆ 1.1 అన్న అంకె కూడా వేడి లెక్కే: అంత కరెంటు పారినప్పుడు కాంటాక్టు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలికంటే 30 డిగ్రీలకు మించి పెరగకూడదని పెట్టుకున్న హద్దు.

స్లాట్ వెర్షన్‌కూ దీనికీ సంబంధం లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 వచ్చాక స్లాటే 150 వాట్లు ఇస్తుందన్న మాట చాలాకాలంగా చలామణిలో ఉంది. అది నిజం కాదు. ఆ తరంలో వచ్చిన 150 వాట్లు 8-పిన్ కేబుల్‌వి. 1.1 స్లాటైనా, 3.0 అయినా, 4.0 అయినా గ్రాఫిక్స్ కార్డుకు స్లాట్ ఇచ్చేది అదే 75. వెర్షన్ మారితే పెరిగేది డేటా వేగం.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం ప్రకారం కార్డు ఆన్ అయ్యేటప్పుడు 25 వాట్ల లోపే ఉండాలి. ఈ స్లాట్ ఎంత ఇవ్వగలదో బోర్డు కార్డుకు ఒక సందేశం పంపిన తర్వాతే 75 వరకూ పోవాలి. లినక్స్‌లో పీసీఐ పరికరాల జాబితాను వివరంగా తెప్పించుకుంటే ‘స్లాట్ పవర్ లిమిట్’ అన్న వరుసలో ఈ అంకె కనిపిస్తుంది. అయితే ఇది మాట మాత్రమే, గేటు కాదు. మామూలు బోర్డుల్లో ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు ఇచ్చే 24-పిన్ కనెక్టర్ నుంచి వచ్చిన 12 వోల్టులు రాగి పొరల మీదుగా తిన్నగా స్లాట్‌కు పోతాయి. మధ్యలో కరెంటును కొలిచి ఆపే సర్క్యూట్ ఉండదు. కార్డు 7 ఆంపియర్లు లాగితే స్లాట్ 7 ఇస్తుంది, 8 లాగితే 8 ఇస్తుంది. పాత ఇంటి సర్వీసు వైరు మీద కొత్తగా ఏసీ పెట్టినట్టు: మీటరు ఏ అభ్యంతరమూ చెప్పదు, స్తంభం దగ్గరి జాయింటు మాత్రం కాగుతూ ఉంటుంది.

2016 నాటి ఆర్ఎక్స్ 480 ఉదంతం

ఇదంతా పుస్తకాల లెక్క కాదని తేల్చిన కార్డు ఏఎండీ రేడియన్ ఆర్ఎక్స్ 480. 2016 జూన్ 29న విడుదలైంది. 150 వాట్ల కార్డు, దానికి ఒకే ఒక్క 6-పిన్ కనెక్టర్. స్లాట్ 75, కేబుల్ 75, మొత్తం 150. లెక్క అణా పైసలతో సరిపోయింది, మిగులు లేదు. ఆ డిజైన్‌లోని ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

12 వోల్టులను దించి చిప్పుకు కరెంటు తయారుచేసే ఆరు ఫేజుల్లో (విడివిడి సర్క్యూట్లలో) మూడింటిని స్లాట్‌కూ మూడింటిని 6-పిన్‌కూ కట్టారు. అంటే కార్డు ఎంత లాగినా సుమారు సగం స్లాట్ మీద పడుతుంది. ఆటల్లో కార్డు 150 దగ్గర ఆగకుండా 160 దాటింది. సగమంటే 80 పైమాటే. టామ్స్ హార్డ్‌వేర్, పీసీ పర్స్పెక్టివ్ లాంటి సంస్థలు స్లాట్‌కూ కార్డుకూ మధ్య కొలత పరికరాలు పెట్టి చూస్తే 12 వోల్టుల మీద 5.5 ఉండాల్సిన చోట 7 ఆంపియర్ల దరిదాపుల్లో కనిపించింది. ఇది ఓవర్‌క్లాక్ చేయక ముందు మాట. పవర్ లిమిట్ (కార్డు వాడకానికి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దు) పెంచి క్లాక్ పెంచితే స్లాట్ వాటా అదే నిష్పత్తిలో ఇంకా పైకి పోయింది.

దీనికి ఏఎండీ వెతికిన పరిష్కారమే ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద పాఠం. జూలై మొదటి వారంలో వచ్చిన క్రిమ్సన్ 16.7.1 డ్రైవర్, కార్డు మీది వోల్టేజి కంట్రోలర్‌కు కొత్త సెట్టింగు ఇచ్చి స్లాట్ ఫేజుల మీది బరువు కొంత తీసి 6-పిన్ ఫేజుల మీద వేసింది. మొత్తం వాడకాన్నే తగ్గించే ‘కంపాటిబిలిటీ’ మీట ఒకటి విడిగా పెట్టారు, అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. అంటే మామూలు వాడకంలో స్లాట్ హద్దును కాపాడటానికి 6-పిన్ హద్దును తెలిసే దాటించారు. ఇంజనీర్లు అంత ధీమాగా ఆ పని ఎలా చేశారు?

6-పిన్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు. 75 వాట్లంటే 6.25 ఆంపియర్లు, పిన్నుకు 2 పైచిలుకు. ఆ రకం పిన్ను మామూలుగా 6 నుంచి 8 ఆంపియర్లు మోస్తుంది. అంటే కాగితం మీది 75 హద్దుకు మూడింతలు దాకా చేవ ఉంది. 8-పిన్‌లోనూ 12 వోల్టుల పిన్నులు మూడే, 150 వాట్లకు పిన్నుకు 4 చిల్లర. స్లాట్ కాంటాక్టుకు ఇలాంటి మిగులు లేదు. 2014లో ఏఎండీయే ఆర్9 295ఎక్స్2 అని 500 వాట్ల కార్డును రెండే 8-పిన్‌లతో అమ్మింది. ప్రమాణం ప్రకారం 375 దాటకూడదు. అయినా స్లాట్ హద్దు దాటకుండా మిగతా బరువంతా కేబుళ్ళ మీద వేసి, ఒక్కో 8-పిన్‌కు 28 ఆంపియర్లు ఇవ్వగల ఎస్‌ఎంపీఎస్ కావాలని ముందే చెప్పింది. ఆ కార్డు పాత బోర్డులను కాల్చలేదు. 150 వాట్ల కార్డు మాత్రం గొడవ తెచ్చింది. మొత్తం వాట్లు చూసి భయపడేవాళ్ళు ఈ రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలి.

24-పిన్ ఎందుకు వచ్చింది

స్లాట్ వెనక ఉన్న దారి కూడా చూడాలి. పాత ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌లకు బోర్డు కనెక్టర్ 20-పిన్. అందులో 12 వోల్టుల పసుపు తీగ ఒక్కటే. స్లాట్ ఒక్కటే 5.5 ఆంపియర్లు అడిగితే, ఫ్యాన్లూ మిగతా స్లాట్లూ కలిపి ఆ ఒక్క పిన్ను మీదే పడతాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల 75 వాట్లను దృష్టిలో పెట్టుకునే 2003లో ఏటీఎక్స్12వీ 2.0 ప్రమాణం దాన్ని 24-పిన్ చేసింది, రెండో పసుపు తీగ అలా వచ్చింది. 20-పిన్ ఎస్‌ఎంపీఎస్‌ను 24-పిన్ బోర్డుకు గుచ్చినా కంప్యూటర్ ఆన్ అవుతుంది. అది ఆన్ అవడమే సమస్య. రెండు తీగల మీద నడవాల్సిన బరువు ఒక్కదాని మీద నడుస్తున్నట్టు తెర మీద ఎక్కడా కనిపించదు. కొన్ని నెలల తర్వాత కనెక్టర్ విప్పితే పసుపు తీగ దగ్గరి తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది.

రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టే రోజుల్లో బోర్డుల తయారీదార్లకే ఈ ఇరుకు తెలిసింది. 2004-05 కాలపు ఏసస్ ఏ8ఎన్-ఎస్ఎల్ఐ బోర్డు మీద ‘ఈజీ ప్లగ్’ పేరుతో ఒక మోలెక్స్ (పాత హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే 4-పిన్ రకం) సాకెట్ ఉండేది. స్లాట్లకు అదనపు 12 వోల్టులు అందించడానికే అది. తర్వాతి కాలపు ఖరీదైన బోర్డుల మీద స్లాట్ల పక్కన 6-పిన్ సాకెట్ కనిపించడానికీ కారణం ఇదే. పాత బోర్డు మీద అలాంటి సాకెట్ ఉండి ఖాళీగా పడి ఉంటే, ఓవర్‌క్లాక్‌కు ముందు చేయాల్సిన మొదటి పని దానికి కేబుల్ పెట్టడం.

పది శాతం క్లాక్, ముప్ఫై శాతం కరెంటు

చిప్పు వాడకం క్లాక్‌తో నేరుగా, వోల్టేజితో వర్గంగా పెరుగుతుంది. క్లాక్ 10 శాతం పెంచడానికి వోల్టేజి 8 శాతం పెంచాల్సి వస్తే, 1.1ని 1.08 వర్గంతో గుణించాలి. జవాబు 1.28. పదో వంతు వేగానికి నాలుగో వంతుకు మించి బరువు. ఇక కాంటాక్టు దగ్గరి వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. స్లాట్ మీద 5.5 ఆంపియర్లు 7 అయితే కాంటాక్టులో పుట్టే వేడి 62 శాతం ఎక్కువ. 8 అయితే రెట్టింపు దాటుతుంది. ఒక వర్గం మీద ఇంకో వర్గం ఎక్కుతోంది కనుక, ఓవర్‌క్లాక్ ప్రోగ్రాంలోని స్లయిడర్ మీద చిన్నగా కనిపించే జరుపు కాంటాక్టు దగ్గరికి వచ్చేసరికి చిన్నది కాదు.

పైగా ఆ లెక్క కొత్త కాంటాక్టుకు. పదేళ్ళు వాడిన స్లాట్‌లో స్ప్రింగు పట్టు సడలుతుంది, దుమ్ము చేరుతుంది, పదిసార్లు కార్డు తీసి పెట్టిన చోట పూత అరుగుతుంది. కాంటాక్టు నిరోధం పెరిగిన కొద్దీ అదే కరెంటుకు వేడి పెరుగుతుంది. వేడెక్కిన కొద్దీ స్ప్రింగు ఇంకా సడలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పు తేమ ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. ఇందాకటి 30 డిగ్రీల హద్దు చుట్టూ 25 డిగ్రీల గాలి ఉందనుకుని కట్టినది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో క్యాబినెట్ లోపలి గాలి ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పాత బోర్డులకు ఇంకో జబ్బు, ఉబ్బిన కెపాసిటర్లు. 2000 దశకం మొదట్లో తయారైన చాలా బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల అవి తల ఉబ్బి కారిపోయాయి. అలాంటి బోర్డు మీద కార్డు ఓవర్‌క్లాక్ గురించి మాట్లాడుకోవడం అనవసరం.

కార్డు తనను తాను ఎలా కొలుచుకుంటుంది

పవర్ లిమిట్ స్లయిడర్ అన్ని కార్డుల్లో ఒకేలా కనిపిస్తుంది, కానీ ఒకే పని చేయదు. ఎన్విడియా పాస్కల్ తరం కార్డుల్లో స్లాట్ నుంచి వచ్చే 12 వోల్టుల దారిలోనూ కేబుల్ దారిలోనూ చిన్న షంట్ రెసిస్టర్లు ఉంటాయి. వాటి మీద పడే వోల్టేజిని బట్టి కార్డు తానెంత తీసుకుంటున్నదీ తెలుసుకుంటుంది. లిమిట్ అన్నది కార్డు మొత్తానికి. జీటీఎక్స్ 1080 ఫౌండర్స్ ఎడిషన్‌కు మామూలు లిమిట్ 180 వాట్లు, స్లయిడర్ 120 శాతం దగ్గర ఆగుతుంది, అంటే 216. స్లాట్, 8-పిన్ కలిపి 225. స్లయిడర్‌ను చివరికంటా జరిపినా హద్దులోనే ఉంటుంది.

ఆర్ఎక్స్ 480లో సంగతి వేరు. అక్కడ లిమిట్ చిప్పుకు మాత్రమే, రిఫరెన్స్ కార్డులో (ఏఎండీ సొంత డిజైన్‌లో) 110 వాట్లు. మెమరీ, ఫేజుల్లో పోయే నష్టం, ఫ్యాను ఆ లెక్కలోకి రావు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం 110 చూపిస్తుంటే కార్డు తీసుకునేది 150 దాటి ఉండవచ్చు. స్లయిడర్ 50 శాతం వరకూ పైకి పోనిస్తుంది. చిప్పుకే 165 అయినప్పుడు కార్డు మొత్తం ఎంతవుతుందో, అందులో పాత డ్రైవర్‌తో సగం స్లాట్ మీద పడితే ఎంతవుతుందో కాగితం పెన్ను లేకుండానే తెలుస్తుంది. ఈ కార్డునో దాని తర్వాతి ఆర్ఎక్స్ 500 వరుసనో పాత బోర్డు మీద వాడేవాళ్ళు తెర మీది అంకెను కార్డు మొత్తం వాడకం అనుకోకూడదు. ఆ వరుసలో 8-పిన్ ఉన్న కార్డు దొరికితే 6-పిన్‌ది వద్దనుకోవడమే మంచిది. ఆర్ఎక్స్ 580 రిఫరెన్స్ లెక్క 185 వాట్లు, దానికి 8-పిన్ ఇచ్చినందువల్ల పెరిగిన బరువుకు వేరే దారి దొరికింది. సెకండ్ హ్యాండ్‌లో వచ్చే వాటిలో క్రిప్టో మైనింగ్ కోసం బయాస్ (కార్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్చినవి చాలా ఉంటాయి. అసలు బయాస్ తిరిగి ఎక్కించకుండా వాటి మీద ఓవర్‌క్లాక్ మొదలుపెడితే ఏ అంకెనూ నమ్మడానికి ఉండదు.

షంట్ రెసిస్టర్ మీద ఇంకోటి అతికించి కార్డును మోసం చేసే ‘షంట్ మాడ్’ గురించి ఒక్క మాట. కేబుల్ వైపు షంట్‌కు చేస్తే కేబుల్ బరువు పెరుగుతుంది, అది మోయగలదు. స్లాట్ వైపు షంట్‌కూ చేస్తే కార్డుకు స్లాట్ మీద ఉన్న ఒకే ఒక్క కాపలా పోతుంది. పాత బోర్డు మీద అది చేయడానికి ఏ సమర్థనా లేదు.

ఆఫీసు పెట్టెల కథ

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ రీఫర్బిష్డ్ డెల్, హెచ్‌పీ ఆఫీసు కంప్యూటర్లు తక్కువ ధరకు దొరుకుతాయి. అందులో ఒక కార్డు పెట్టుకుని ఆటలు ఆడుకోవడం విద్యార్థులకు బాగా అలవాటైన దారి. ఆ పెట్టెల్లో నియమాలు మామూలు బోర్డులకంటే కఠినం. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 చిన్న పెట్టెకు 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్, టవర్‌కు 275. 9020 టవర్‌కు 290. 6-పిన్ కేబుల్ దేనికీ ఉండదు. చిన్న పెట్టెల మాన్యువళ్ళు చూస్తే కొన్నింటిలో స్లాట్‌కు 75 కాక 25 వాట్లనో 35 వాట్లనో రాసి ఉంటుంది. కొనే ముందు ఆ పేజీ చూడటం పది నిమిషాల పని.

కేబుల్ లేదు కదా అని సాటా (హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే కనెక్టర్) నుంచి 6-పిన్‌కు మార్చే అడాప్టర్ తగిలిస్తారు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు సన్నటి పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్. మొత్తం 4.5 ఆంపియర్లు, 54 వాట్లు. అవతలి కొసన ఉన్న 6-పిన్ 75 అడుగుతుంది, ఓవర్‌క్లాక్ చేస్తే ఇంకా ఎక్కువ. ఆ అడాప్టర్లు కరిగిపోయిన ఫోటోలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. 9020లో ఇంకో మెలిక ఉంది. దాని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు 24-పిన్ ఇవ్వదు, డెల్ సొంత 8-పిన్ ఇస్తుంది. హార్డ్ డిస్కుల సాటా పవర్ బోర్డు మీది నుంచే బయటికి వస్తుంది. అక్కడ సాటా అడాప్టర్ పెట్టినవాళ్ళు కేబుల్ దారి దొరికిందనుకుంటారు. నిజానికి స్లాట్ బరువూ అడాప్టర్ బరువూ రెండూ మదర్‌బోర్డు రాగి మీదే నడుస్తుంటాయి. రెండు మోలెక్స్‌లను కలిపి ఒక 6-పిన్ చేసే అడాప్టర్ మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో దీనికంటే నయం, అదీ రెండు మోలెక్స్‌లూ వేర్వేరు తీగల గుత్తుల నుంచి తీసుకుంటే.

ఈ పెట్టెలకు సరిపోయేవి కేబుల్ అడగని కార్డులే. 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లు, 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ 75, 2024లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 6 జీబీ 70. ఆర్ఎక్స్ 6400 వాడకం 53 వాట్లే అయినా అది నాలుగు లేన్ల (డేటా దారుల) కార్డు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 బోర్డుల మీద వేగం కొంత పోగొట్టుకుంటుంది. కేబుల్ లేని 1050 టీఐ కార్డుల్లో చాలావాటికి స్లయిడర్ 100 శాతం దాటి కదలదు. దాన్ని తయారీదారు పిసినారితనం అనుకుంటారు గానీ, స్లాట్ గురించి ఇంతవరకూ చెప్పుకున్నది చూస్తే అదే సరైన నిర్ణయం.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్

క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే ‘450 వాట్ల’ ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల వరుస చదవాలి. 16 ఆంపియర్లని ఉంటే అది 192 వాట్లు. మిగతాది 5, 3.3 వోల్టుల మీద రాసి చూపించిన గొప్ప. పాత ప్రాసెసర్, 150 వాట్ల కార్డు కలిస్తేనే ఆ 192 అయిపోతాయి. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ ప్రశ్న అనవసరమని కాదు, దాన్ని అడగాల్సింది 12 వోల్టుల ఆంపియర్లలో.

చూసి తెలుసుకోవడం

కొత్త ఎన్విడియా కార్డుల్లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, జీపీయూ-జెడ్ లాంటి ప్రోగ్రాంలు స్లాట్ వాడకాన్నీ కేబుల్ వాడకాన్నీ విడివిడిగా చూపిస్తాయి. ఆ వరుస ఉన్న కార్డైతే పని సులువు: బరువైన ఆట పావుగంట నడిపి స్లాట్ అంకె 66 దగ్గరికి పోతోందేమో చూస్తే చాలు. లేని కార్డుకు డీసీ క్లాంప్ మీటర్ కావాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర మామూలుగా ఉండేది ఏసీ కరెంటునే కొలుస్తుంది, ఇక్కడ పనికిరాదు. 24-పిన్ గుత్తిలోంచి రెండు పసుపు తీగలను వేరుచేసి రెండింటినీ కలిపి క్లాంప్‌లో పెట్టాలి. ఊరకే ఉన్నప్పుడు ఎంత, కార్డు మీద లోడు పడ్డప్పుడు ఎంత అని చూస్తే ఆ తేడాలో ఎక్కువ భాగం స్లాట్‌ది. లోడు మీద 7, 8 ఆంపియర్లు కనిపిస్తుంటే స్లయిడర్ ఎక్కడ ఉందన్నది ఇక అనవసరం, వెనక్కి తేవాల్సిందే. తీగలు విడివిడిగా పట్టి చూసినప్పుడు ఒకటి 5, ఇంకోటి 2 చూపిస్తే రెండో పిన్ను సరిగా కూర్చోలేదని అర్థం.

మల్టీమీటర్‌తో వోల్టేజి పతనం కూడా చూడవచ్చు. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 12 వోల్టులు 11.4కు తగ్గకూడదు. మోలెక్స్ దగ్గర 12.0 ఉండి కార్డు చూపించే స్లాట్ వోల్టేజి 11.5 ఉంటే, మధ్యలో అర వోల్టు ఎక్కడో వేడిగా మారుతోంది. 6 ఆంపియర్ల మీద అర వోల్టంటే 3 వాట్లు. వినడానికి తక్కువే, కానీ ఆ 3 వాట్లు గోరంత కాంటాక్టుల్లోనూ 24-పిన్ జాయింటులోనూ పుడుతున్నాయి.

ఇవన్నీ చూశాక పాత బోర్డు మీద లాభసాటి పని చాలాసార్లు వోల్టేజి తగ్గించడమే అవుతుంది. ఆర్ఎక్స్ 480 లాంటి చిప్పు 1.15 వోల్టుల మీద నడిచే క్లాక్‌నే 1.07 మీద నడపగలిగితే వాడకం సుమారు 13 శాతం తగ్గుతుంది. ప్రతి చిప్పూ ఒప్పుకోదు, మెల్లగా దించుతూ చూడాలి. పాస్కల్, ఆ తర్వాతి ఎన్విడియా కార్డులకు ఆఫ్టర్‌బర్నర్ అనే ఓవర్‌క్లాక్ ప్రోగ్రాంలో కంట్రోల్-ఎఫ్ నొక్కితే వోల్టేజి గీత కనిపిస్తుంది. అదే వోల్టేజికి క్లాక్ బిందువును కొంచెం పైకి లాగితే, పవర్ లిమిట్ కదలకుండానే కార్డు ఎక్కువ వేగంతో నడుస్తుంది. 75 వాట్ల దగ్గర బిగించిన 1050 టీఐ నుంచి ఆ బోర్డు మీద న్యాయంగా రాబట్టగలిగేది ఇంతే. జీపీయూ-జెడ్‌లో పనితీరు ఆగిన కారణం దగ్గర ‘పవర్’ అన్నది పోయి ‘వోల్టేజి’ అని వచ్చిందంటే కార్డును ఆపుతున్నది ఇక స్లాట్ హద్దు కాదు, చిప్పు హద్దు.